షుగర్ ఉన్నవారిలో అంగస్తంభన సమస్య: మాత్ర ఒకసారి పనిచేసి, తర్వాత ఎందుకు పనిచేయలేదు?

మీరు రాసిన దాన్ని క్లుప్తంగా చెప్పుకుని మొదలుపెడతాను. మీ వయసు 44. ఆరేళ్లుగా షుగర్ ఉంది, బీపీకి కూడా మాత్ర వాడుతున్నారు. కోరిక మామూలుగానే ఉన్నా, ఏడాదిగా అంగస్తంభన సరిగా రావడం లేదు, వచ్చినా కలయిక మధ్యలోనే సడలిపోతోంది. స్నేహితుడు ఇచ్చిన 50 మి.గ్రా. సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) మాత్ర మొదటిసారి పనిచేసింది, ఆ తర్వాత రెండుసార్లు పనిచేయలేదు. ఇది షుగర్ వల్లనా, మనసు వల్లనా, ఇక జీవితాంతం ఇంతేనా, టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను ఇంజెక్షన్లు తీసుకుంటే బాగుపడుతుందా అని అడిగారు. భార్యకు మాత్రం "పని ఒత్తిడి" అని చెప్పి దాటవేస్తున్నానని చివర్లో ఒక్క వాక్యం రాశారు. దాని దగ్గరకు కూడా వస్తాను.

ముందు సూటిగా జవాబు. మీకు షుగర్ ప్రభావం చాలావరకు ఉండి ఉంటుంది, దాని మీద భయం కూడా వచ్చి చేరింది. రెండింటికీ వైద్యం ఉంది. మీలాంటివారిలో ఎక్కువమంది తిరిగి తృప్తిగా కలవగలుగుతారు. మాత్ర "పనిచేయలేదు" అనే నిర్ణయానికి మూడుసార్లతోనే రాకండి, వాడిన తీరులో తేడా ఉండి ఉండవచ్చు. రక్తపరీక్షలో లోపం తేలకుండా టెస్టోస్టిరాన్ జోలికి వెళ్లకండి. అన్నిటికంటే ముఖ్యమైనది: గుండె పరిస్థితి తెలుసుకోకుండా, మీరు వాడే మిగతా మందులను డాక్టరుకు చూపించకుండా ఆ మాత్ర మళ్లీ వేసుకోకండి.

ఇప్పుడు కారణాలు. కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే ఈ సమస్యలో సగం బాధ అసలు ఏం జరుగుతోందో తెలియకపోవడం వల్లే.

అంగంలో పొడవునా రెండు గొట్టాల్లాంటి భాగాలు ఉంటాయి. లోపలంతా స్పాంజిలాంటి కణజాలం, దాని గోడల్లో మన ఇష్టంతో కదలని నునుపు కండరం ఉంటాయి. మామూలు వేళ ఆ కండరం బిగుసుకుని ఉండి రక్తాన్ని లోపలికి పెద్దగా రానివ్వదు. కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి, స్పర్శ నుంచి సంకేతాలు నరాల ద్వారా అక్కడికి చేరతాయి. నరాల చివరల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. కండరం వదులవుతుంది, రక్తం ఉరికి వస్తుంది, స్పాంజి ఉబ్బుతుంది. అలా ఉబ్బి, చుట్టూ ఉన్న గట్టి పొరకు సిరలను అదిమేస్తుంది. దాంతో వచ్చిన రక్తం వెనక్కి పోలేక నిలుస్తుంది. గట్టిదనం అంటే ఇంతే. నైట్రిక్ ఆక్సైడ్ శరీరంలో ఇలా సంకేతంగా పనిచేస్తుందని కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. సిల్డెనాఫిల్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది కూడా అదే ఏడాది మార్చిలో.

మీ ఒంట్లో ఇందులో ఏ మెట్టు దెబ్బతిని ఉంటుంది? షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే రక్తనాళాల లోపలి పొర పాడవుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ తయారీ తగ్గుతుంది. నరాలూ మొద్దుబారతాయి. స్పాంజి కణజాలం సాగే గుణం కోల్పోతే సిరలు సరిగా మూసుకోవు, వచ్చిన రక్తం జారిపోతుంది. మీరు "మధ్యలో సడలిపోతోంది" అన్నది ఈ చివరి రకానికి సరిపోతుంది. భయానికీ సరిపోతుంది. అందుకే లక్షణం ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయానికి రాలేం. షుగర్ ఉన్న మగవారిలో ఈ సమస్య షుగర్ లేనివారికంటే చాలా ఎక్కువ, పదేళ్లు ముందుగానే మొదలవుతుంది కూడా. మీరు ఒంటరివారు అనుకోకండి. షుగర్ సంగతి పక్కన పెట్టినా, 40 నుంచి 70 ఏళ్ల మగవారి మీద అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో జరిగి 1994లో వెలువడిన పెద్ద అధ్యయనంలో సగానికి పైగా మందిలో ఏదో ఒక స్థాయిలో స్తంభన లోపం కనిపించింది.

గుండె మాట ముందు ఎందుకు ఎత్తానంటే: అంగానికి రక్తం తెచ్చే ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నటివి. గుండె ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి. కొవ్వు పేరుకోవడం ఒంట్లో అన్ని చోట్లా జరుగుతున్నా, సన్నటి నాళం ముందు ఇబ్బంది పెడుతుంది. ఛాతీ నొప్పి రావడానికి రెండు నుంచి ఐదేళ్ల ముందే స్తంభన తగ్గడం చాలామందిలో చూస్తాం. యాభై దాటిన ఒకాయన నా దగ్గరకు "మాత్ర రాసివ్వండి చాలు, ఇంకేమీ వద్దు" అంటూ వచ్చారు. సిగరెట్లు మానలేదు. మెట్లెక్కితే ఎలా ఉంటుందని అడిగితే, "రెండో అంతస్తుకు వెళ్లేసరికి గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టుంటుంది, ఒక్క నిమిషం నిలబడితే పోతుంది, అది గ్యాస్ లెండి" అన్నారు. చీటీ మీద మాత్ర రాయలేదు, గుండె డాక్టరు పేరు రాశాను. కోపంగానే వెళ్లారు. రెండు ధమనుల్లో పూడికలు తేలాయి, స్టెంట్లు వేశారు. కొన్ని నెలల తర్వాత గుండె డాక్టరు సరేనన్నాకే ఆయనకు స్తంభన మాత్ర మొదలుపెట్టాం.

కలయికలో గుండె మీద పడే శ్రమ, ఆగకుండా రెండు అంతస్తుల మెట్లెక్కే శ్రమకు దాదాపు సమానం. ఆ పని ఆయాసం, ఛాతీలో బరువు లేకుండా చేయగలిగితే చాలామందికి కలయికా సురక్షితమే. చేయలేకపోతే ముందు గుండె సంగతి చూడాలి. మీకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి కాబట్టి ఈసీజీ, కొలెస్ట్రాల్ పరీక్షలు ఎలాగూ చేయించుకోవాలి. అవసరమనిపిస్తే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయమంటారు.

ఇక "శరీరమా, మనసా" అన్న ప్రశ్న. దీన్ని రెండు పెట్టెలుగా విడదీయడం నాకు ఎప్పుడూ నచ్చదు, కానీ తేడా పట్టుకోవడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో, ముఖ్యంగా కలలు వచ్చే దశలో, రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు దానంతటదే స్తంభన వస్తుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చేటప్పటికి కనిపించేది వాటిలో చివరిది. ఆ సమయంలో గట్టిగా ఉండి భార్య దగ్గర మాత్రమే రాకపోతే, నాళాలూ నరాలూ చాలావరకు బాగున్నట్టు. ఒంటరిగా ఉన్నప్పుడు బాగా వచ్చి, కలయికలో రాకపోయినా అదే అర్థం. ఒక తేదీ చెప్పగలిగినంత హఠాత్తుగా మొదలైతే, ఉద్యోగం పోవడమో గొడవో ఏదో సంఘటన తర్వాత మొదలైతే, మనసు వైపు మొగ్గు ఎక్కువ. నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గుతూ, పొద్దున్న వచ్చేది కూడా తగ్గిపోతే శరీరం వైపు.

మీ లేఖలో పొద్దుటి సంగతి లేదు. రెండు వారాలు గమనించి ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరుకు అది చాలా పరీక్షలకంటే ఎక్కువ చెబుతుంది.

మనసు పని చేసే తీరు కూడా రసాయనాలతోనే. "ఈసారి కూడా పోతుందేమో" అన్న ఆలోచన రాగానే అడ్రినలిన్ పెరుగుతుంది. అది ఆ నునుపు కండరాన్ని బిగిస్తుంది, రక్తం ఆగిపోతుంది. భయపడి స్తంభన తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు. కొత్తగా పెళ్లయిన ఒక యువకుడు వచ్చాడు, ఇరవైల్లో ఉంటాడు. మొదటి రాత్రి బడలికతో కుదరలేదు. మర్నాడు కంగారుతో కుదరలేదు. నెల తిరిగేసరికి పడకగదిలోకి అడుగుపెట్టడానికే భయపడుతున్నాడు. పొద్దున్న లేచేసరికి మాత్రం అంతా మామూలే. "చిన్నప్పుడు హస్తప్రయోగం చేశాను డాక్టర్ గారూ, నరాలు చచ్చిపోయాయి కదా?" అని అడిగాడు. హస్తప్రయోగం వల్ల నరాలు చావవు, వీర్యం పోతే బలమూ పోదు. ఈ అపోహ ఇంతమంది యువకుల నిద్ర చెడగొట్టిందంటే, దాన్ని ప్రచారం చేసి మందులు అమ్ముకునేవాళ్ల మీద నాకు ఎప్పటికీ కోపం తగ్గదు. ఆ దంపతులిద్దరినీ కూర్చోబెట్టి, కొన్ని వారాలు కలయిక ప్రయత్నమే వద్దు, ఒకరినొకరు తాకుతూ దగ్గరగా ఉండడం వరకే అని చెప్పాను. కొన్నాళ్లకు తక్కువ మోతాదు మాత్ర కూడా ఇచ్చాను, ధైర్యం కోసం. తర్వాత మాత్ర అవసరం లేకుండా పోయింది.

మీ విషయంలో ఇది పూర్తి కథ కాదు. అయితే షుగర్ వల్ల స్తంభన పది శాతం తగ్గితే, భయం దాన్ని యాభై శాతం తగ్గినట్టు చేయగలదు. ఈ అంకెలు ఊరికే పోలిక కోసం చెప్పినవే.

మందుల వల్ల కూడా కొంత జరుగుతుంది. మీ బీపీ మాత్ర పేరు రాయలేదు. థయజైడ్ రకం మూత్రం మందులు, అటెనొలాల్ లాంటి పాత బీటా బ్లాకర్లు (గుండె వేగం తగ్గించే మందులు), స్పైరనోలాక్టోన్ స్తంభనను తగ్గించగలవు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి బీపీ మాత్రలతో ఆ ఇబ్బంది సాధారణంగా ఉండదు. దిగులుకు, ఆందోళనకు ఇచ్చే కొన్ని మందులు కోరికనూ స్ఖలనాన్నీ మందగింపజేస్తాయి. జుట్టుకూ ప్రోస్టేట్‌కూ వాడే ఫినాస్టరైడ్ కూడా కొందరిలో అంతే. దయచేసి ఇది చదివి రేపు పొద్దున్న బీపీ మాత్ర మానేయకండి. అదుపు తప్పిన బీపీ ఆ నాళాలకు మాత్రకంటే పెద్ద శత్రువు. మార్చగలిగితే డాక్టరే మారుస్తారు.

చేయించుకోవలసిన పరీక్షలు ఎక్కువేమీ లేవు. హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), ఉదయం పూట టెస్టోస్టిరాన్. కోరిక తగ్గినా, టెస్టోస్టిరాన్ తక్కువ వచ్చినా ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోను, థైరాయిడ్ కూడా చూస్తాం. బీపీ, నడుము చుట్టుకొలత, వృషణాల పరీక్ష, అంగంలో ఎక్కడైనా గట్టిపడిన మచ్చ లేదా వంపు ఉందా అన్నది చేత్తో చూస్తాం. అంగానికి ఇంజెక్షన్ ఇచ్చి, రక్తప్రవాహం చూడడానికి చేసే డాప్లర్ స్కాన్ అందరికీ అక్కర్లేదు. మాత్రలకు లొంగనివారికి, దెబ్బ తగిలినవారికి, ఆపరేషన్ ఆలోచిస్తున్నవారికి పనికొస్తుంది. మొదటిరోజే పెద్ద ప్యాకేజీ పరీక్షలు రాస్తే ఎందుకని అడగండి, అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు మీ మాత్ర దగ్గరకు. నా దగ్గరకు "మాత్ర పనిచేయడం లేదు" అని వచ్చేవారిలో చాలామందికి మాత్ర మార్చక్కర్లేదు, వేసుకునే పద్ధతి మారిస్తే చాలు. ఒకాయనను అడిగితే వరస బయటపడింది: బాగా నూనె, నెయ్యి ఉన్న భోజనం కడుపునిండా తిని, వెంటనే మాత్ర వేసుకుని, టీవీ ముందు కూర్చుని "ఎప్పుడు లేస్తుందా" అని ఎదురుచూశారట. గంటన్నర చూసి, రాలేదని పడుకున్నారు. అందులో రెండు పొరపాట్లున్నాయి.

సిల్డెనాఫిల్ కోరిక పుట్టించదు. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసిన సంకేతాన్ని పీడీఈ5 అనే ఎంజైమ్ చెరిపేస్తూ ఉంటుంది, మాత్ర ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అంటే సంకేతం ముందు పుట్టాలి. స్పర్శ, సాన్నిహిత్యం, కోరిక లేకపోతే మాత్ర కడుపులో ఉన్నా ప్రయోజనం లేదు. రెండోది భోజనం. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం తర్వాత సిల్డెనాఫిల్ ఆలస్యంగా, తక్కువగా ఒంటికి పడుతుంది. తేలికపాటి కడుపుతో, కలయికకు గంట ముందు వేసుకోవాలి. ప్రభావం నాలుగైదు గంటలు ఉంటుంది. ఎక్కువ మద్యం తాగితే మాత్ర చేసిన మేలంతా అది తినేస్తుంది.

మీకు మొదటిసారి పనిచేసిందంటే నాళాల్లో ఇంకా సత్తువ ఉంది. అది శుభవార్త. రెండోసారికి కడుపు నిండి ఉందా, తొందరపడ్డారా, మొదటిసారి ఉన్న నమ్మకం స్థానంలో "మళ్లీ వస్తుందా" అన్న పరీక్ష వచ్చిందా అన్నది మీరే గుర్తు చేసుకోండి. స్నేహితుడి మాత్ర అసలుదేనా అన్నది ఇంకో ప్రశ్న. ఈ మందుల్లో నకిలీలు చాలా తిరుగుతాయి. సరైన మాత్రను, సరైన పద్ధతిలో, వేర్వేరు రోజుల్లో ఆరు నుంచి ఎనిమిదిసార్లు వాడి చూశాక కూడా ఫలితం లేకపోతేనే పనిచేయలేదని అంటాం. షుగర్ ఉన్నవారికి తరచుగా 100 మి.గ్రా. దాకా అవసరమవుతుంది. ఆ పెంపు డాక్టరు చేయాలి, మీ అంతట మీరు రెండు మాత్రలు మింగకండి. రోజుకు ఒక్కసారికి మించి వాడకూడదు.

టడలాఫిల్ అనే ఇంకో మాత్ర ఉంది. దాని ప్రభావం 36 గంటల వరకు ఉంటుంది, భోజనంతో పేచీ లేదు. రోజూ 5 మి.గ్రా. చొప్పున వాడే పద్ధతీ ఉంది. గడియారం చూసుకుంటూ కంగారుపడేవారికి నేను ఎక్కువగా ఈ రోజువారీ పద్ధతినే ఇష్టపడతాను. మాత్రకూ కలయికకూ మధ్య ఉన్న ముడి తెగిపోతుంది, పరీక్ష రాస్తున్నట్టు ఉండదు. ప్రోస్టేట్ వాపు వల్ల మూత్రం ఇబ్బంది ఉన్నవారికి దానికీ పనికొస్తుంది. తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, కడుపులో మంట ఈ మాత్రలన్నిటితోనూ రావచ్చు. టడలాఫిల్‌తో నడుము నొప్పి, సిల్డెనాఫిల్‌తో కాసేపు చూపు నీలంగా అనిపించడం కొందరిలో ఉంటాయి. చాలావరకు వాటంతటవే తగ్గుతాయి.

ఈ కింది మాటలు మాత్రం గుర్తుపెట్టుకోండి. గుండె నొప్పికి వాడే నైట్రేట్ మందులు, అంటే నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్, సార్బిట్రేట్ పేరుతో వాడే ఐసోసార్బైడ్ లాంటివి వాడేవారు ఈ మాత్రలు అస్సలు వేసుకోకూడదు. నికొరాండిల్ వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదకు వచ్చేంత పడిపోతుంది. ఎప్పుడైనా ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళితే, ఈ మాత్ర వేసుకున్న సంగతి సిగ్గుపడకుండా ముందే చెప్పాలి. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు నైట్రేట్ ఇవ్వకూడదు. ప్రోస్టేట్‌కు ట్యామ్సులోసిన్ లాంటివి వాడుతుంటే మోతాదు తక్కువతో మొదలుపెడతాం. హఠాత్తుగా చూపు పోయినా, వినికిడి తగ్గినా మాత్ర ఆపి వెంటనే డాక్టరును చూడాలి. స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోతే అది అత్యవసరం. తెల్లవారాక చూద్దామని ఊరుకుంటే లోపలి కణజాలం శాశ్వతంగా దెబ్బతింటుంది.

టెస్టోస్టిరాన్ గురించి. అది ప్రధానంగా కోరికకు సంబంధించిన హార్మోను. మీకు కోరిక మామూలుగానే ఉందని రాశారు కాబట్టి లోపం ఉండే అవకాశం తక్కువే. కానీ షుగర్, పొట్ట ఉన్నవారిలో అది తగ్గడం అరుదు కాదు, అందుకే చూడమన్నాను. రక్తం ఉదయం 7 నుంచి 11 లోపు ఇవ్వాలి, ఎందుకంటే మధ్యాహ్నానికి దాని స్థాయి సహజంగానే తగ్గుతుంది. ఒకసారి తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూడాలి. రెండుసార్లూ డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ ఉండి, లక్షణాలూ ఉంటేనే చికిత్స గురించి ఆలోచిస్తాం. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే వృషణాలు తమ పని తగ్గించుకుంటాయి, వీర్యకణాల సంఖ్య పడిపోతుంది. పిల్లలు కావాలనుకునేవారికి ఇది వద్దే వద్దు. వ్యాయామశాలలో ఎవరో చెప్పారని ఇంజెక్షన్లు తీసుకుని, పెళ్లయ్యాక వీర్యకణాలు సున్నా అని తేలి వచ్చిన యువకులను చూస్తున్నాను.

"మూలికా" క్యాప్సూళ్ల గురించి మీరు అడగలేదు, కానీ మాత్ర పనిచేయనివారు తర్వాత వెళ్లేది అక్కడికే. గంటలో పనిచేసే మూలికా మందు ఏదైనా ఉంటే, అందులో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపి ఉంటారని అనుమానించండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి కల్తీ సరుకు గురించి ఎన్నోసార్లు హెచ్చరించింది. మూలికే కదా అని నైట్రేట్ వాడే గుండె రోగి మింగితే ఏమవుతుందో పైన చెప్పాను.

మాత్రలు నిజంగానే పనిచేయకపోతే దారులు మూసుకుపోవు. వ్యాక్యూమ్ పంపు ఉంది: అంగం మీద గొట్టం పెట్టి, అందులో గాలి తీసేసి రక్తాన్ని లాగి, అంగం మొదలు దగ్గర రబ్బరు రింగు బిగిస్తారు. రింగు 30 నిమిషాలకు మించి ఉంచకూడదు. అంగం కాస్త చల్లగా, మొదలు దగ్గర కదిలినట్టు ఉంటుంది. కొందరు దంపతులకు నచ్చదు, కొందరు ఏళ్ల తరబడి హాయిగా వాడతారు. ఆ తర్వాత ఇంజెక్షన్. రక్తనాళాలను వదులు చేసే అల్‌ప్రోస్టాడిల్ అనే మందును సన్నటి సూదితో అంగం పక్క భాగంలోకి రోగే వేసుకుంటాడు. సూది అనగానే అందరూ అదిరిపడతారు, వేసుకున్నాక "ఇంతేనా" అంటారు. పది పదిహేను నిమిషాల్లో పనిచేస్తుంది, నరాలు దెబ్బతిన్నవారికి కూడా. ఈ పద్ధతి తొలినాళ్లలో గైల్స్ బ్రిండ్లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1983లో లాస్ వెగాస్‌లో యూరాలజిస్టుల (మూత్ర, పురుష జననాంగ వైద్యుల) సభకు ముందే తనకు తాను ఇంజెక్షన్ చేసుకుని వచ్చి, వేదిక మీదే ప్యాంటు దించి ఫలితం చూపించాడు. మా వృత్తిలో ఇప్పటికీ చెప్పుకునే కథ అది. మొదటి మోతాదు మాత్రం క్లినిక్‌లోనే, డాక్టరు ముందే వేయాలి.

చివరిది ఇంప్లాంట్ ఆపరేషన్. ఉబ్బించుకునే రకం 1973 నుంచి ఉంది. రెండు సిలిండర్లు అంగంలో, చిన్న పంపు వృషణాల సంచిలో, ద్రవం నిల్వ ఉండే తిత్తి పొత్తికడుపులో పెడతారు. స్పర్శ, స్ఖలనం చాలావరకు యథాతథంగా ఉంటాయి. పొడవు కొద్దిగా తగ్గినట్టు అనిపించవచ్చు. చేయించుకున్నాక వెనక్కి వెళ్లడం కుదరదు, సహజ స్తంభన ఇక ఉండదు. షుగర్ అదుపులో లేకపోతే చీము పట్టే ప్రమాదం ఎక్కువ. మీ వయసుకు, మీ స్థితికి ఇంత దూరం ఆలోచించే అవసరం ఇప్పుడు లేదు. షాక్‌వేవ్ చికిత్స, ప్లేట్‌లెట్ ఇంజెక్షన్ల ప్రకటనలు మీకు కనిపిస్తాయి. వాటికి ఆధారాలు ఇంకా గట్టిపడలేదు. నేనైతే వాటి మీద డబ్బు పెట్టమని చెప్పను.

నడక గురించి చెబితే రోగుల ముఖాల్లో నిరాశ కనిపిస్తుంది. అయినా చెబుతాను. వారానికి నాలుగు రోజులు, రోజుకు 40 నిమిషాలు, మాట్లాడితే కాస్త ఆయాసం వచ్చేంత వేగంగా ఆరు నెలలు వ్యాయామం చేసినవారిలో స్తంభన మెరుగుపడిందని పరిశోధనలు చూపించాయి. బరువు తగ్గిన ఊబకాయుల్లో దాదాపు మూడోవంతు మందికి మాత్ర లేకుండానే తిరిగి వచ్చిన అధ్యయనమూ ఉంది. పొగ తాగేవారైతే ముందు అది మానాలి. గురక పెట్టి, పగలంతా నిద్రమత్తుగా ఉంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉందేమో చూపించుకోవాలి, దానికీ దీనికీ సంబంధం ఉంది. షుగర్ అదుపులోకి వస్తే పాడైన నాళాలు పూర్తిగా కొత్తవి కావు, కానీ పాడవడం నెమ్మదిస్తుంది, మాత్రకు స్పందన మెరుగవుతుంది.

ఇక మీ భార్య సంగతి. ఏడాదిగా మీరు దూరంగా జరుగుతున్నారు, కారణం చెప్పడం లేదు. ఆమె ఆ ఖాళీని తనకు తోచిన కారణంతో నింపుకుంటుంది. నా గదిలో ఒకావిడ భర్త పక్కనే కూర్చుని, ఆయన వైపు చూడకుండా నాతో అన్నారు: "ఈయనకు ఇంకెవరో ఉన్నారనుకున్నానండీ. లేకపోతే నేనే నచ్చడం లేదనుకున్నాను." భర్త తలెత్తలేదు. ఆయన రిపోర్టులు ఆమె ముందు పెట్టి, షుగర్ వల్ల నాళాలు ఎలా దెబ్బతింటాయో బొమ్మ గీసి చూపించాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "మరి ఈయన రాత్రి అన్నం తగ్గించాలా?" అని. అక్కడి నుంచి ఇద్దరికీ అది ఒకే జబ్బు అయింది. మీరు పెద్ద ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. "నువ్వంటే ఇష్టం తగ్గలేదు, షుగర్ వల్ల నాకు ఈ ఇబ్బంది వస్తోంది, డాక్టరు దగ్గరకు వెళుతున్నాను" అంటే చాలు. పడకగదిలో, విఫలమైన ఆ క్షణంలో చెప్పకండి. పగటి పూట, తీరిక ఉన్నప్పుడు చెప్పండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ, ఆఖరి హెచ్‌బీఏ1సీ రిపోర్టు, పొద్దుటి స్తంభన గురించి రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. మీ షుగర్ డాక్టరు దగ్గరే మొదలుపెట్టవచ్చు, ఆయన అడగకపోతే మీరే ఎత్తండి. ఆ తర్వాత యూరాలజిస్టు లేదా ఆండ్రాలజిస్టు (మగవారి లైంగిక, సంతాన సమస్యల వైద్యుడు). బయట కూర్చున్నప్పుడు సిగ్గుగా అనిపిస్తే లోపలికి వెళ్లగానే మొదటి మాటే అది చెప్పేయండి. షుగర్, బీపీ, పాదాల తిమ్మిర్లు అన్నీ మాట్లాడి, తలుపు దాకా వెళ్లి, గొళ్లెం మీద చెయ్యి వేసి "ఇంకొక చిన్న విషయం డాక్టర్ గారూ" అనేవారే ఎక్కువ. అప్పటికి నాకు బయట ఇంకో పదిమంది ఎదురుచూస్తుంటారు.